పుట్టిలో నన్ను పట్టుకున్నామె

నా చిన్నప్పుడు, నాకు ఏడేళ్లు నిండిన ఏడాదే, మా అమ్మ జ్వరంతో పోయింది. గట్టు దగ్గరి మా ఊళ్లో నాయన అటు సేద్యం, ఇటు నన్ను చూసుకోలేకపోయాడు. ఆత్మకూరులో మా అమ్మమ్మ దగ్గర వదిలేద్దామని బయలుదేరాడు. ఆ సంగతి నాకు చెప్పలేదు. నా బట్టలన్నీ మూట కట్టాక తెలియకుండా ఎట్లా ఉంటుంది? దారంతా ఆయన పంచె అంచు వదల్లేదు నేను.

కృష్ణ దాటాలంటే అప్పట్లో పుట్టే గతి. వెదురు అల్లి తోలు కప్పిన ఆ గుండ్రటి పుట్టి నీళ్లలో గిర్రున తిరిగేది. ఆ రోజు నది నిండుగా ఉంది. అట్లాంటప్పుడు పుట్టి నడిపే తాత బరువు చూసి కూర్చోబెట్టేవాడు. మగవాళ్లు ఒక దిక్కు, తల్లులూ ఒళ్లో పిల్లలూ ఇంకో దిక్కు. మా వెనకే ఎక్కిన ఒకామెను చూసి, ఆయన మా అమ్మే అనుకున్నాడు.

"బిడ్డను ఒళ్లె వెట్టుకోని గట్టిగ వట్టుకో తల్లీ," అన్నాడు.

నాయన నోరు తెరిచేలోపే ఆమె నన్ను ఒళ్లోకి తీసుకుని, నడుం చుట్టూ చెయ్యి వేసింది. నేను ఊరుకుంటేనా? "ఈమె మా అమ్మ గాదు. మా అమ్మ సచ్చిపోయింది," అన్నాను, అందరికీ వినబడేలా.

ఆమె చెయ్యి మాత్రం సడలలేదు. నడి ఏట్లో పుట్టి సుడి తిరిగినప్పుడు ఇంకా బిగించి, "ఒడ్డు జేరేదాంక నేనే అనుకో బిడ్డా," అంది నా చెవిలో.

ఒడ్డున దిగాక మాటల్లో తెలిసింది, ఆమెది మా కులమేనని, మగడూ నా ఈడు కూతురూ పోతే అన్న ఇంటికి పోతోందని. నాయన అనుకున్నట్టే నన్ను అమ్మమ్మ దగ్గర వదిలి వెళ్లాడు. రెండు నెలలు తిరగకుండానే పెద్దలు మాట్లాడి ఆమెను ఆయనకు మారుమనువు చేశారు. ఇద్దరూ వచ్చి నన్ను తీసుకుపోయారు. మళ్లీ అదే పుట్టి. ఈసారి ఆమె ఒళ్లో కూర్చోనని మొండికేశాను.

మూడేళ్లే ఉంది మాతో. రోజూ నా తల దువ్వింది, నేను తినకపోతే తానూ తినలేదు. నేను మాత్రం అమ్మా అని ఒక్కసారీ పిలవలేదు. పిలవమని ఆమె అడగనూ లేదు. కాన్పులో పోయింది. నాకు పిలవాలనిపించేసరికి పలికే మనిషి లేదు. ఇంత ముసలిదాన్నయినా ఆ బాధ తగ్గలేదు.

ఇప్పుడు దవాఖానకు నా వెంట పక్కింటి పిల్ల వస్తుంది. చూసినవాళ్లు, "నీ మనవరాలా అవ్వా?" అని అడుగుతారు. ఆ పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుని, అవునంటాను. కాదనడం ఒకసారి చాలు నాకు.