తనిఖీ చొక్కాలు

పంపుల ఫ్యాక్టరీ సూపర్‌వైజరు సగంమంది కార్మికుల్ని తీసేశాడు గానీ, వాళ్ల నీలం చొక్కాల్ని మాత్రం కంటికి రెప్పలా చూసుకుంటాడు. భార్య చేత ఉతికించి, తనే ఇస్త్రీ చేసి, బీరువాలో పెట్టుకుంటాడు. ఎగుమతికి సర్కారిచ్చే అప్పు, ఉద్యోగాలు తగ్గలేదని చూపించిన ఫ్యాక్టరీకే దొరుకుతుంది. అందుకని అధికారి తనిఖీకొచ్చే రోజున తీసేసినవాళ్లనే పిలిపించి, చొక్కాలు తొడిగించి, మిషన్ల దగ్గర నిలబెడతాడు. ఈసారి వాళ్లలో కిందటి నెల తీసేసిన సొంత బావమరిది కూడా ఉన్నాడు. అధికారి తలలు లెక్కపెట్టుకుని వెళ్లిపోయాక, సూపర్‌వైజరు గేటు దగ్గర ఒక్కో చొక్కా విప్పించుకుని, కాలరు తడిమి, మడత పెట్టసాగాడు. బావమరిది చొక్కా చెమటతో తడిసి ముద్దయింది.

"మిషను ముందు నిలబడితే చేతులు ఊరుకోలేదు బావా. నాలుగు పంపులు బిగించేశా. రేపు కూడా రానా?"

"నిన్ను నిలబడమన్నానా, పని చెయ్యమన్నానా? ఇది మళ్లీ మీ అక్కే ఉతకాలి."