ఆకుపచ్చ పోగు

దీపం పెట్టినంక ఇంట్ల ఈల వెయ్యొద్దంటది మా అమ్మ. నేను కావాలని వేసేదాన్ని. దయ్యం పట్టుడు, గాలి సోకుడు, ఇవన్ని పనిలేనోళ్ల ముచ్చట్లని నా లెక్క. అందుకే ఈ సంగతి చెప్పాలంటె నాకే నామోషీగ ఉంటది. అయినా జరిగింది జరిగినట్టు చెప్త.

వనపర్తిల డిగ్రీ చదివేటప్పుడు మేం తొమ్మిది మందిమి కలిసి పాటల నాటకం ఒకటి కట్టినం. పేరు 'దొరికినవా'. కత మా అవ్వది, అంటే మా నాయిన వాళ్ల అమ్మది. మాది గద్వాల, మగ్గం ఇల్లు. మానవపాడు నుంచి మా తాత నూలు మూటలు తెస్తుండెనంట. ఒకనాడు అవ్వ మగ్గం మీద కూసోని పాడుతుంటె విన్నడు. గంతే, నెలకొకసారి వచ్చే మనిషి వారానికి రెండుసార్లు వచ్చుడు పెట్టిండు. ఆఖరికి అవ్వనే అడిగిందంట, నూలు కోసం వస్తున్నవా, నా కోసం వస్తున్నవా అని. ఈ ముచ్చట అవ్వ నా ఒక్కదానికే చెప్పింది, కొంగు మూతికి అడ్డం పెట్టుకొని నవ్వుకుంట. మా నాటకానికి నాలుగేండ్ల ముందే పోయింది.

అవ్వ వేషం నాదే. మిగిలిన ఆడపిల్లల ఇండ్లల్ల ప్రేమ పాటలంటె ఒప్పుకోలే. మా నాయిన గూడ ఒప్పుకున్నట్టు కాదు. "మా అమ్మ ముచ్చట నలుగురిల పెడ్తవా?" అని రెండు దినాలు నాతోని మాట్లాడలే. తర్వాత, వచ్చి చూస్త, నచ్చకుంటె ఇదే ఆఖరు, మళ్ల నాటకం పేరు ఎత్తొద్దు అన్నడు. నాకు నాటకం తప్ప ఇంకో పిచ్చి లేదు. ఆ వారమంత అన్నం సయించలే.

స్టేజీ మీదికి మగ్గం కావాలె. ఇంట్ల మగ్గం పెకిలించి తేలేం గదా. వడ్రంగి ఆయనతోని కట్టె చట్రం ఒకటి చేయిచ్చి, నడుమ తెల్ల పోగులు, అంచులకు ఎర్ర పోగులు నేనే నిలువుగ కట్టిన. చూపుకే మగ్గం. పోగులను పైకి కిందికి లేపే సామాను దానికి లేదు. ఎంత పనిమంతుడైనా దాని మీద నేయలేడు. డోలక్ వాయించే ఖాజా, మా క్లాసే, ఆత్మకూరోడు, దాన్ని చూసి "ఏందిది, మంచానికి నవారు తక్కువైందా?" అని ఒకటే నవ్వుడు.

మధ్యాన్నం మూడింటికి ఆట. కాలేజీ హాలు నిండింది. నాయిన మూడో వరుసల చేతులు కట్టుకొని కూసున్నడు. అసలు పాట, అవ్వ తాతను అడిగేది, సగంల ఉండంగ ఖాజా డోలక్ తాడు వదులైంది. వాని చేతులు ఆగుడు నేను చూసిన. కని తాళం ఆగలే. టక్కు, టక్కు, నేసేటప్పుడు పోగు బిగిచ్చే మగ్గం పలక కొట్టినట్టు నడుస్తనే ఉన్నది. దాని మీదనే పాడిన. అంత మంచిగ నేను ఎన్నడూ పాడలే.

నేనే కాలుతోని కొడ్తున్న అనుకున్నడంట ఖాజా. నా కాళ్లేమో పీట మీద మడిచి ఉన్నయి.

ఆట అయినంక నాయిన స్టేజీ మీదికి వచ్చిండు. నా మొకం దిక్కు చూడలే. సీదా మగ్గం కాడికి పోయి వంగిండు, చానాసేపు లేవలే. నేను పోయి చూస్తె, కింద రెండు వేళ్ల వెడల్పు బట్ట నేసి ఉన్నది. తెల్లదాంతోని ఎర్ర అంచును పెనవేసి, మా గద్వాల చీరకు ఎట్ల ఉంటదో అట్లనే. పొద్దున ఆ పోగులు బిగిచ్చింది నేనే. అప్పుడు ఏం లేదు.

అన్నిటికంటె కింద, మొట్టమొదటి అడ్డపోగు ఆకుపచ్చది. మా అవ్వ ఏ రంగు చీర మొదలువెట్టినా ఒక్క ఆకుపచ్చ పోగు ముందు వేసేది, కన్ను తాకొద్దని. నేత పని ఇచ్చే సేటు కోపం చేసినా మానలే. ఆమె తర్వాత మా ఇంట్ల ఎవరూ అట్ల వెయ్యలే. నేను నాటకంల అది పెట్టలే, ఎవరికీ చెప్పలే. ఆ హాల్ల ఆకుపచ్చ నూలే లేదు.

అందర్ని అడిగిన. ఖాజాతోని ఒట్టు వేయిచ్చుకున్న. పాపం, వానికి సూదిల దారం ఎక్కియ్య రాదు. సూదితోని ఒక్కొక్క పోగు ఎత్తుకుంట పోయినా మూడు గంటలన్న పడ్తది. పొద్దటి సంది స్టేజీ మీద మేమే ఉన్నం.

నాయిన ఆ బట్ట మీద వేలు రాసిండు, కండ్లు తుడుచుకున్నడు. గద్వాలల ఎప్పుడు ఆడ్తరని అడిగిండు. ఇంకా అనుకోలే నాయినా అన్న.

"ఆడినప్పుడు ముందు వరుసల ఒక కుర్చీ ఖాళీగ ఉంచు బిడ్డా."

గద్వాలల ఆడినం, నాగర్‌కర్నూల్‌ల ఆడినం, పోయిన నెల పెద్దమందడిల ఆడినం. మళ్ల ఏ చప్పుడు లేదు, ఏ బట్ట లేదు. ఆ ముక్కను నాయిన బీరువల దాచుకున్నడు. ఎవరు నేసిన్రంటె నాకు తెల్వదు. దయ్యాలున్నయా అంటె ఇప్పటికీ లేవనే అంట.

కని ప్రతి ఆటకు ముందు ఆ కుర్చీ నేనే తుడుస్త. ఎవరన్న కూసోబోతె, జర లేవున్రి, మా అవ్వ వస్తదని లేపుత.