ఊపిరి వద్దన్న వదిన

మా హిందూపురం కొట్లో గోడమీద ఒక బోర్డు ఉంటుంది: 'బేరం లేదు'. స్టీలు సామాన్ల కొట్టు మాది. బోర్డు మా మామగారు రాయించారు, పెయింటు వెలిసిపోయినప్పుడల్లా మళ్లీ దిద్దించింది మాత్రం నేను. దాని కింద ఇన్నేళ్లు కూర్చునేసరికి నాకూ అదే గుణం పట్టుకుంది. దేన్నయినా ఒక్కసారే అడుగుతాను. కాఫీ తాగుతారా అంటాను, వద్దంటే గ్లాసు లోపలికి తీసుకెళ్లిపోతాను. వద్దన్న మనిషిని పట్టుకుని బతిమాలితే, ఆ మనిషి మాటను మనం నమ్మనట్టే కదా! ఈ సిద్ధాంతం తెలియక మా ఇంటికొచ్చిన చుట్టాల్లో చాలామంది ఆకలితో బస్సెక్కి ఉంటారు. వాళ్ల నోటితో వాళ్లే వద్దన్నాక నేనేం చేసేది?

ధర్మవరంలో నాకు వియ్యపురాలు కావలసిన ఆవిడ పద్ధతి వేరు. వాళ్లది పట్టుచీరల కొట్టు. అక్కడ ఒక చీర విప్పితే కొనేవాళ్లు వద్దంటారు. ఇంకోటి విప్పితే పెదవి విరుస్తారు. లేచి చెప్పులేసుకునే దాకా వెళ్తారు, కొట్టువాళ్లు వెనక్కి పిలుస్తారు, అప్పుడు గానీ అసలు మాటలు మొదలు కావు. అలాంటి కొట్లో సగం జీవితం గడిపిన మనిషి మొదటిసారే 'సరే' అంటుందా? ఈ ఆలోచన నాకు ఆ రోజు వచ్చి ఉంటే, యాభై దాటాక రబ్బరు బట్టలేసుకుని బావిలో దిగే యోగం తప్పేది.

ఆ యోగం పట్టించింది మా అమ్మాయి. బెంగళూరులో ఉద్యోగం. సెలవు రోజుల్లో సిలిండరు వీపుకు కట్టుకుని నీళ్లడుగున తిరగడం నేర్పే క్లాసుకు వెళ్లి, అక్కడ ధర్మవరం అబ్బాయిని చూసుకుంది. ట్యాంకరు వెనక బిందె పట్టుకుని పరుగెత్తిన తల్లికి, నీళ్లలో మునగడానికి డబ్బు కట్టే కూతురు! అబ్బాయి మంచివాడు. అతనూ అతని తల్లీ మా ఇంటికి వచ్చారు, మాట్లాడుకున్నాం. అంతా అయ్యాక నేను సూటిగా అడిగాను.

"మా పాప మీకు నచ్చిందా వదినా? తాంబూలాలు ఎప్పుడు పెట్టుకుందాం?"

"చూద్దాం లే వదినా, తొందరేముండాది," అందావిడ, చీర కొంగు సర్దుకుంటూ.

అంతే. నాకు అర్థమైపోయింది. ఇష్టం లేదు, చెప్పడానికి మొహమాటం. నేను మళ్లీ ఫోన్ చేయలేదు. వాళ్లూ చేయలేదు. వేసవి పోయింది, వానలు పడ్డాయి. మా తమ్ముడు మదనపల్లె సంబంధం ఒకటి తెచ్చాడు. వచ్చే ఆదివారం కాక పై ఆదివారం రమ్మన్నాను. మా అమ్మాయి ఏడవలేదు, అరవలేదు. ఫోన్లో మాత్రం చాలా మెత్తగా మాట్లాడింది. అక్కడే నేను అనుమానపడవలసింది.

"అమ్మా, పెనుకొండ కాడ ఒక తోటలో బావి నిండిందంట. ఈ ఆదివారం మా టీచరు ఆడికి వస్తాండాది, డైవింగు నేర్పేకి. ధర్మవరం ఆమెను గూడా పిలిచినాం గానీ రాదులే, నీళ్లంటే భయమంట. నువ్వూ వద్దులే మా, నీ వయసుకు యాల ఇవన్నీ."

"నా వయసు సంగతి నువ్వు చెప్తాండావా? యాడికి రావల్లో చెప్పు."

అదే సమయానికి ధర్మవరంలో అబ్బాయి వాళ్లమ్మకు ఇదే పాట పాడుతున్నాడని, అందులో భయస్తురాలిని నేనని తర్వాత తెలిసింది.

పెనుకొండ మా రెండు ఊళ్లకూ మధ్యలో ఉంటుంది కాబట్టి ఎవరి గుమ్మానికి ఎవరూ వచ్చినట్టు కాదు. తోట అబ్బాయి స్నేహితుడిది. రాతి కట్టడం బావి, మెట్లున్నది, ఆ ఏడు పడిన వానలకు పైమెట్ల దాకా నిండి తళతళలాడుతోంది. నేను బండి దిగేసరికి ఆవిడ అప్పటికే గట్టుమీద నిలబడి ఉంది. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. పిల్లలిద్దరూ ఆకాశం వైపు చూశారు.

మర్యాద మర్యాదే కదా. బొరుగులతో చేసిన ఉగ్గాని డబ్బా తెరిచాను.

"ఉగ్గాని తింటారా వదినా?"

"వద్దు వదినా, ఇప్పుడే తిని వచ్చినా."

డబ్బా మూసేశాను. కాసేపటికి మోటారు రూము వెనక్కి వెళ్తే, ఆవిడ అక్కడ జామచెట్టు కింద నిలబడి ఉంది. నన్ను చూసి ఉలిక్కిపడి, "జామకాయ ఎట్లుండాదో ఊరికే చూస్తాండా," అంది. చూస్తున్న జామకాయ సగం లేదు.

టీచరు బెంగళూరు పిల్ల, కన్నడం తప్ప రాదు. హిందూపురం దాన్ని కాబట్టి నాకు కన్నడం కొట్టిన పిండే. ధర్మవరం ఆవిడకు నేనే చెప్పవలసి వచ్చింది, అది నాకు కొంచెం బాగానే ఉండింది. ఈత వచ్చా అని అడిగితే ఆవిడ, "ఏమో, అంత రాదు," అని తల అడ్డంగా ఊపింది. సరే, ఈవిడను కనిపెట్టుకునే పని కూడా నాకే అనుకున్నాను. తీరా దిగాక రెండు బారలేసి బావి అవతలి గోడ తాకి వచ్చింది. ఈ మనిషి ఏదీ ఉన్నదున్నట్టు చెప్పదా అని నాకు ఒళ్లు మండింది.

అంతకు ముందు ఆ నల్ల రబ్బరు సూటు తొడుక్కోవడం ఒక ఘట్టం. సబ్బునీళ్లు పోసుకుని, ఊపిరి బిగబట్టి, ఒక్కో కాలూ దూర్చాలి. జిప్పేమో వీపు మీద ఉంటుంది. "వేయల్లా వదినా?" అన్నాను. "వద్దొద్దు, నేనే ఏసుకుంటా," అంది. సరే అని వచ్చేశాను. ఆవిడ మోటారు రూములో గిరగిరా తిరిగి తిరిగి చివరకు టీచరు చేత వేయించుకుంది. కానీ నేను నా జిప్పుతో అవస్థ పడుతుంటే మాత్రం అడగకుండానే వచ్చి సర్రున లాగేసింది, వెంట్రుకలు నాలుగు అందులో ఇరుక్కున్నా సరే. ఇద్దరం బొట్టుబిళ్లలు తీసి, ఇంట్లో అద్దానికి అంటించినట్టు, బావి రాతికి అంటించాం.

నడుము లోతు నీళ్లలో మెట్ల మీద కూర్చోబెట్టి టీచరు అన్నీ నేర్పింది. నీళ్లలోకి ఎవరూ ఒంటరిగా పోకూడదట. పక్కన ఒక తోడు ఉండాలి, ఆ తోడును బడ్డీ అంటారట. నాకు తెలిసిన బడ్డీ బడ్డీకొట్టే. ఈ రోజు నా బడ్డీ ఆవిడ, ఆవిడ బడ్డీ నేను. ఒకరి సిలిండరులో గాలి అయిపోతే మెడ మీద అడ్డంగా చెయ్యి ఆడించి చెప్పాలి. రెండోవాళ్లు వెంటనే తమ సిలిండరుకే ఉన్న ఇంకో గొట్టం, పసుపు రంగుది, నోటికి అందించాలి. ఇదంతా నేను ఆవిడకు తెలుగులో చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, "తెలిసిందిలే," అంది.

పిల్లలిద్దరూ పైమెట్టు మీద, పరీక్ష ఫలితాలు చూడబోయేవాళ్లలా కూర్చున్నారు. మేం మునిగాం.

నిజం చెప్పాలి, బాగుంది. చిన్నప్పుడు సొరకాయ బుర్ర కట్టుకుని ఈదినప్పుడు బావి పైభాగమే చూశాం, లోపల ఇంత ఉందనుకోలేదు. ఎండ పచ్చగా మారి కిందికి దిగుతోంది. రాళ్ల సందుల్లో చిన్న చేపలు తలలు బయటపెట్టి మమ్మల్ని చూసి మళ్లీ లోపలికి పోతున్నాయి. మాటల్లేవు, ఫోన్లు లేవు, నా బుడగలు నాకు వినిపిస్తున్నాయి. రెండు నిలువుల లోతులో ఒక రాతి అరుగు ఉంది. దాని మీద ఎవరి చేతిలోంచి ఎప్పుడు జారిందో ఒక స్టీలు చెంబు పడి ఉంది. ఇద్దరం ఒకేసారి చెయ్యి పెట్టాం. ఆవిడ చెయ్యి తీసి 'మీరే తీసుకోండి' అన్నట్టు ఊపింది. తీసుకున్నాను. మందం చూశాను, మంచి సరుకే.

ఆ అరుగు మీద మోకాళ్లపై కూర్చోబెట్టి టీచరు గాలి పంచుకునే పాఠం మొదలుపెట్టింది. ముందు ఆవిడ వంతు. టీచరు నేర్పినట్టే మెడ మీద చెయ్యి ఆడించి, తన గొట్టం నోట్లోంచి తీసేసింది. నేను పసుపు గొట్టం అందించాను.

ఆవిడ చెయ్యి అడ్డంగా ఊపింది. వద్దొద్దు.

నేను గొట్టం వెనక్కి తీసేసుకున్నాను.

దేవుడి సాక్షిగా ఇందులో పగ లేదు. వద్దంది, తీసేశాను. నా చెయ్యికి వేరే విద్య రాదు. మాస్కు అద్దంలోంచి ఆవిడ కళ్లు చూశాక గానీ నాకు విషయం తలకెక్కలేదు. కళ్లు పెద్దవై 'ఇవ్వు, ఇవ్వు' అంటున్నాయి, చెయ్యి మాత్రం ఇంకా 'వద్దు, వద్దు' అంటోంది. భయమేసింది. మళ్లీ అందించాను. మళ్లీ ఆ చెయ్యి లేచింది! నాకు కోపం, భయం కలిసొచ్చాయి. టీచరు చెయ్యి కూడా వచ్చేసింది గానీ, దానికన్నా ముందు నేనే మూడోసారి గొట్టం ఆవిడ పెదవుల దాకా తీసుకెళ్లాను. అప్పుడు పట్టుకుంది. గొట్టంతో పాటు నా మణికట్టూ పట్టుకుంది. ఒకే సిలిండరు గాలి ఇద్దరం పీలుస్తూ, ఆ పట్టు వదలకుండా, టీచరు వెంట మెల్లగా పైకి వచ్చాం. రెండు నిమిషాల పని కూడా కాదు.

తల బయటపెట్టగానే ఆవిడ గొట్టం ఊసి అరిచింది. 'మీరు' అనేది నీళ్లలోనే పోయింది.

"ఏమమ్మా, ఊపిరి గూడా ఒక్కసారే అడుగుతావా నువ్వు?"

"ఊపిరి గూడా వద్దంటావా నువ్వు?"

"నేను యాడ వద్దన్నా? చెయ్యి అట్ల పోయింది!"

అని, ఆ చెయ్యిని తానే తిప్పి తిప్పి చూసుకుంది. నేనూ చూశాను. ముందు ఎవరు నవ్వారో తెలియదు. బావి గోడలు ఆ నవ్వును ఇంతకింత చేసి పైకి విసిరాయి, రాళ్ల సందుల్లోని పావురాళ్లు లేచిపోయాయి.

"ఏమైంది మా?" మా అమ్మాయి పైనుంచి అడిగింది.

"ఏమీ కాలే. మీ అత్త ఊపిరి తీసుకునేకి మొగమాటపడింది."

అత్త అనే మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకు తెలియదు. అందరూ విన్నారు.

మెట్ల మీద కూర్చుని తల తుడుచుకుంటూ ఆవిడ మెల్లగా చెప్పింది. "కాపరానికి పోయేప్పుడు మా అమ్మ చెప్పి పంపింది వదినా. మొదటిసారి పెడతామంటే వద్దనల్ల, రెండోసారీ వద్దనల్ల, మూడోసారి అడిగితే అప్పుడు తినల్ల, అదే మర్యాద అని. పోయి చూస్తే ఆ ఇంట్లో మూడోసారి అడిగేవాళ్లే ల్యా. అంత పెద్ద సంసారంలో ఎవురికి తీరిక? ఆకలితోనే అలవాటైపోయింది." నవ్వుతూనే చెప్పింది. ఈసారి ఆవిడ మీద కాదు, ముక్కూమొహం తెలియని ఆ ఇంటి మీద నాకు చెప్పలేనంత కోపం వచ్చింది.

లేచి వెళ్లి ఉగ్గాని డబ్బా తెచ్చాను. ఈసారి అడగలేదు, ఆవిడ నా జిప్పు లాగినట్టే. ప్లేటు నిండా పెట్టి ఒళ్లో పెట్టేశాను. చల్లారిపోయిన ఉగ్గానిని ఆవిడ మెతుకు మిగల్చకుండా తిన్నది. తింటున్నంతసేపూ నేను లెక్క వేసుకుంటున్నాను. మా ఇంట్లో ఆ రోజు 'చూద్దాం లే' అన్నది మొదటిసారే కదా?

పెళ్లిని ఉగ్గానిలా అడగకుండా ఒళ్లో పెట్టేయలేం. అడగాలి.

"వదినా, పాపను మీ ఇంటికి చేసుకుంటారా?" అన్నాను.

"ఏమో వదినా, ఇంట్లో పెద్దోళ్లను గూడా ఒక మాట అడగల్ల కదా," అంది ప్లేటు అంచు చూస్తూ.

చెవులు వేడెక్కాయి. కళ్ల ముందు మా బోర్డు కనబడింది, బేరం లేదు. వచ్చే ఆదివారం మదనపల్లె వాళ్లు వస్తారు. మా అమ్మాయి తడి తువ్వాలును పిండుతోంది, అందులో నీళ్లెప్పుడో అయిపోయాయి, అయినా పిండుతోంది. అబ్బాయి కళ్లు మూసుకున్నాడు. నా జన్మలో ఎవరినీ ఏదీ మూడోసారి అడిగి ఎరగను, నీళ్లలో తప్ప.

"మా పాపను మీ చేతుల్లో పెడతాం వదినా. తీసుకో."

ఆవిడ ప్లేటు పక్కన పెట్టింది. చెయ్యి కడుక్కుంది. రాతి మీది బొట్టుబిళ్ల తీసి నుదుట పెట్టుకుంది. నాది అది, ఆవిడది కాదు.

"ఈ మాటే ఆ పొద్దు ఇంకో రెండుసార్లు అడిగింటే," అంది, "ఈ గబ్బిలం గుడ్డలేసుకొని బావిలో పడే పని తప్పుండే కదా వదినా! ఫోన్ మోగినప్పుడల్లా నువ్వే అనుకొని ఎత్తి ఎత్తి నాకు చెయ్యి నొప్పొచ్చింది."

నా కళ్లలో నీళ్లొచ్చాయి. బావి నీళ్లేనని తుడుచుకున్నాను.

"అంటే... సరేనా?"

"ఓయమ్మా, నాలుగోసారి గూడా అడుగుతాండాదే!" అంటూ ఆవిడ మా అమ్మాయి చేతిలోని తువ్వాలు లాక్కుని, చెయ్యి పట్టి తన పక్కన కూర్చోబెట్టుకుంది.