పేగుల డ్యూటీ చార్టు

మా పక్కింటి నర్సమ్మ గారు పదిహేను రోజుల కిందట, మంగళవారం పొద్దున్న పోయారు. కిడ్నీలు. ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. ఆవిడ గురించి రాస్తే నా పొట్ట గురించి రాయాలి, నా పొట్టను తలుచుకుంటే నాకు భయం.

మా ఇద్దరివీ రాత్రి ఉద్యోగాలే. ఆవిడ ఆసుపత్రి వార్డుల్లో ముప్పయ్యేళ్లు నైట్ డ్యూటీ చేశారు. నేను నర్సీపట్నంలో సినిమా హాలు ఆపరేటర్ని. సెకండ్ షో వదిలాక రీళ్లు వెనక్కి చుట్టి, బస్టాండు దగ్గర పరోటాలు తిని ఇల్లు చేరేవాణ్ణి. రీలు చుట్టకపోతే మర్నాడు మ్యాట్నీలో కథ చివరినుంచి మొదలవుతుంది. ఒకసారి అలా అయింది కూడా. జనం గొడవ చెయ్యలేదు, సినిమా అలాంటిది. ఆ సంగతి అలా ఉంచండి. తరవాత రీళ్లూ పోయాయి, నా ఉద్యోగమూ పోయింది. పదకొండింటి ఆకలి మాత్రం పోలేదు.

ఆవిడ రిటైరయ్యాక ఆరున్నరకల్లా తినేసి గిన్నెలు కడిగేసేవారు. గోడ మీదుగా నాకు పలకరింపు:

"ఏటండీ ఆపరేటరు గారూ, ఇంకా టీయేనా? అన్నమెప్పుడు?"

"సీరియళ్లయ్యాకండీ."

"మీకు మెలకువుంటే సాలేటి? పేగులకుండొద్దా?"

ఆవిడ చెప్పేదాన్ని బట్టి, ఒంట్లో గడియారం ఒకటి కాదట. మెదడులోది వెలుతురును చూసి నడుస్తుందట. పేగులదీ కాలేయానిదీ అన్నం వేళను చూసి నడుస్తాయట. పేగుల్లో కాపురముండే బ్యాక్టీరియాకు కూడా పగలొక పని, రాత్రొక పని. మనం అర్ధరాత్రి పరోటా పంపితే వాటి పని తారుమారై, సుగరుకూ గ్యాసుకూ దారి తీయొచ్చట. "అంతా తేలిపోలేదండీ, ఇంకా సూస్తన్నారు" అని కూడా చెప్పేవారు. తెలియనిదాన్ని తెలియదనే మనిషి.

నా చదువు పకోడీ పొట్లాల కాగితాల మీద సాగింది. పొట్టలో కోట్ల జీవులనగానే హడలిపోయి, మందుల షాపుకు వెళ్లి నులిపురుగుల మాత్ర కొని మింగేశాను. ఆ సంగతి గర్వంగా చెబితే ఆవిడ నవ్వలేక మెట్టు మీద కూలబడ్డారు.

"ఓర్నాయనో! అవి పురుగులు కావండీ, స్టాఫు! వాళ్లకీ డ్యూటీ సార్టుంటాది. సార్టు మార్సీసింది మీరు, మందెట్టింది వాళ్లకా?"

ఇంకో రోజు మాత్రం నవ్వలేదు.

"వార్డులో తెల్లారగట్ల కేరేజీ ఇప్పీదాన్ని. నాకీ సంగతి తెలిసీసరికి సుగరొచ్చీసింది. ఒక్క తిండి వేళే కారణమనను గానండీ, మీకింకా టైముందేమో. బేగి టెస్టు సేయించుకోండి."

ఆ 'ఏమో' నన్ను పట్టుకుంది. అప్పటికే నాకు నోరెండిపోతోంది, రాత్రి మూడుసార్లు లేస్తున్నాను. ఆవిడకు చెప్పలేదు. రెండోసారి అడిగినప్పుడు, చేయించుకున్నానండీ, బాగానే ఉందన్నారు అనేశాను.

"మంచి మాట సెప్పారు" అంటూ ఆవిడ ఎంత సంతోషించారో! ఆ సంతోషాన్ని వెనక్కి తీసుకునే ధైర్యం నాకు మళ్లీ రాలేదు. రిటైరయ్యాకైనా వేళకు తిన్న మనిషే ఇలా పోతే, ఏనాడూ వేళకు తినని నా లోపల ఏం జరుగుతోందో.

మొన్న పెద్దకర్మ. పంతులు గారు గొలుగొండలో ఇంకో పని ముగించుకుని వచ్చేసరికి రెండయింది, విస్తళ్లు వేసేసరికి నాలుగు. "మా అక్కుంటే ఈపాటికి అందర్నీ తిట్టీసును" అని వాళ్ల చెల్లెలు వడ్డిస్తూనే ఏడ్చింది. నేను తలెత్తకుండా తిన్నాను. రాత్రి ముద్ద దిగలేదు.

నిన్న పొద్దున్న ఏడున్నరకు ల్యాబుకు వెళ్లాను. కుర్చీలో కూర్చుని చొక్కా చెయ్యి పైకి మడిచాను. రక్తం తీసే అమ్మాయి, చివరిసారి ఎన్నింటికి తిన్నారండీ అని అడిగింది.

"నిన్న సాయంత్రం నాలుగింటికమ్మా. పెద్దకర్మ భోజనం."

"తరవాతేటీ తినలేదా?"

"లేదు."

ఆ అమ్మాయి వేళ్ల మీద లెక్క వేసింది.

"ఖాళీ కడుపుతో గంటలెక్కువైపోయాయండీ, టెస్టు సరిగ్గా రాదు. ఈ రాత్రి మామూలుగా తినీసి రేపు రండి" అంది.

సరేనని చొక్కా చెయ్యి దించుకుని వచ్చేశాను.