షింజుకులో వందనాలు

మా సిడ్నీ తెలుగు క్రైస్తవ సంఘంలో అందరికన్నా పెద్ద గొంతు మరియరాణి ఆంటీది. ఆమె కాకినాడలో ఒక పాస్టరుగారి అమ్మాయి. ఎదురైన మనిషికి చేతులు జోడించి వందనాలు చెప్పకుండా ముందుకు పోవడం ఆ ఇంట్లో ఎరగరు. సిడ్నీకి వచ్చిన కొత్తలో బస్టాపులో కూడా అలాగే చేసేవారట. జనం పక్కకు తప్పుకుని పోతుంటే మనసు నొచ్చుకుని మానేశారు. ఆ సంగతి తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పంతొమ్మిది వందల తొంభైలో ఆమె పనిచేసే ఆసుపత్రివాళ్ళ లక్కీ డ్రాలో ఇద్దరికి టోక్యో యాత్ర తగిలింది. సంఘమంతా చందా వేసుకుని, వచ్చేటప్పుడు ఒక కీబోర్డు పట్టుకు రమ్మన్నాం. అప్పటిదాకా ఆదివారం ఆరాధనలో మా పాటలకు వాద్యం లేదు. మొదటి చరణం కలిసి మొదలుపెట్టినా, చివరి చరణానికి ఎవరి దారి వాళ్ళదే. తప్పకుండా తెస్తానని ఆంటీ మాటిచ్చారు.

తర్వాత జరిగింది ఆమె భర్త జోజయ్య అంకుల్ పెరట్లో మాంసం కాల్చుకు తినే ప్రతి బార్బీ విందులోనూ చెబుతారు. టూరువాళ్ళు ఎత్తైన భవనాలెక్కించి ఊరు చూపించారు, తోటలు తిప్పారు. కొనుక్కోవడానికి మిగిలింది చివరి రోజు పొద్దున, షింజుకు రైలు స్టేషను దగ్గర, ఎయిర్‌పోర్టు బస్సు కదిలేలోపు. ఆ స్టేషనుకు లెక్కలేనన్ని ద్వారాలు. ఒకటి తప్పితే ఇంకో ఊళ్ళో తేలినట్టే. కీబోర్డుల షాపు అవతలి వైపుంది. అంకుల్ మ్యాపు చూసి, అడ్డదారి కదా అని, అప్పుడే తలుపులు తీసిన ఒక పెద్ద స్టోరులోంచి ఆంటీని నడిపించారు.

కొంప మునిగింది అక్కడే. షాపు తెరిచే వేళ కదా, ప్రతి కౌంటరు ముందూ అమ్మాయిలు వరసగా నిలబడి నడుం వంచి నమస్కరిస్తున్నారు. ఆంటీ ఆగిపోయారు. గొడుగులమ్మే పిల్లకు చేతులు జోడించి వందనాలు చెప్పారు. ఆ పిల్ల ఇంకాస్త వంగింది. ఆంటీ కూడా వంగారు. ఇద్దరిలో ఎవరూ తగ్గలేదు. ఆ తర్వాత చేతిరుమాళ్ళు, చెప్పులు, మిఠాయిలు. ఒక్క కౌంటరునీ వదల్లేదు.

అంకుల్ చెయ్యి పట్టుకుని లాగారు. "అది వాళ్ళ డ్యూటీ రాణీ. నడు, బస్సు టైమైపోతంది."

"డ్యూటీ అయితే మటుకు మనిషి కాదా అండీ? ఇన్నేళ్ళకి నాకు తిరిగి దణ్ణం పెట్టేవోళ్ళు కనబడ్డారు."

బయటపడేసరికి బస్సెక్కడానికే టైముంది. కీబోర్డు లేదు. మాట పోయిందని ఆంటీ విమానంలో దారి పొడుగునా ఏడ్చారు.

ఆదివారం అందరికన్నా ముందే వెళ్ళి, మాకు మొహం ఎలా చూపించాలో తెలియక మేము ఆరాధనకు అద్దెకు తీసుకునే హాలు గుమ్మంలో నిలబడ్డారు. ఆ హాలు చూసుకునే, తాళం తీసే స్టీవ్ వచ్చాడు. మేము ఏళ్ళ తరబడి అతని పక్కనుంచే పాటల పుస్తకాలు పట్టుకుని గబగబా లోపలికి పోయేవాళ్ళం. ఆంటీకి షింజుకు ఊపు ఇంకా దిగలేదు. చేతులు జోడించారు. స్టీవ్ తికమకపడి, టోపీ తీసి, తనూ చేతులు జోడించాడు. కళ్ళెందుకలా వాచాయని అడిగాడు. ఆంటీ అంతా చెప్పారు.

మేము వెళ్ళేసరికి వెనక గది తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. ఇద్దరూ కలిసి ఒక పాత పియానోను హాల్లోకి తోస్తున్నారు. ఇదెక్కడిదని అడిగాం.

"ఎప్పుడూ ఇక్కడే ఉంది," అన్నాడు స్టీవ్. "మీరు నాతో మాట్లాడితే కదా చెప్పడానికి."

ఆ పూట పియానో మోగింది గానీ, మొదటి పాట ఆంటీ ఒక్కరే పాడారు; మేమంతా పుస్తకాలు మూసి, స్టీవ్‌కు చేతులు జోడించడానికి వరస కట్టాం.