నీనా తుమ్ము

ఈ రోజు మా పక్క క్వార్టర్ ఖాళీ అయింది. విశాఖలో ఉక్కు ఫ్యాక్టరీ కట్టడానికి వచ్చిన రష్యా ఇంజనీరుగారి కుటుంబం సొంత దేశానికి వెళ్ళిపోయింది. వాళ్ళమ్మాయి నీనా ఏడేళ్ళప్పుడు వచ్చింది, ఇప్పుడు పదిహేను. మా వంటింట్లోనే తెలుగు నేర్చింది.

పెట్టెలు కార్లో పెట్టి బయల్దేరుతుండగా నీనా గట్టిగా తుమ్మింది. దొంగ తుమ్మని నాకు తెలుసు. అయినా వాళ్ళ నాన్నను ఆపి, పిల్లను మెట్ల మీద కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాను.

గ్లాసు చాటు నుంచి అడిగింది: "పిన్నీ, ఇంకోపాలి తుమ్మితే ఉండిపోతామేటి?"

"ఒద్దమ్మా. ఒంటి తుమ్మయితేనే ఆగాల. రెండోపాలి తుమ్మినావంటే మంచి శకునమైపోద్ది, ఎల్లిపోవాల."

వెంటనే రెండు చేతులతో ముక్కూ నోరూ మూసుకుంది. అలాగే కారెక్కింది, కారు మలుపు తిరిగేదాకా చేతులు తియ్యలేదు. నాకు చెయ్యి ఊపనైనా ఊపలేదు.

సందెవేళ దీపం పెట్టి బయటికి వస్తే, తాళం వేసిన ఆ ఇంట్లోంచి తుమ్ము వినిపించింది. పిల్లి అయ్యుంటుందంటారు మా ఆయన. కావచ్చు. రెండోది వినిపిస్తే లోపలికి వెళ్ళిపోదామని గోడ దగ్గరే నిలబడ్డాను. వినిపించలేదు.

ఒంటి తుమ్ము విన్నాక ఎలా కదలమంటారు, మీరే చెప్పండి.