ఓనరు తరఫున సుమిత్ర

పంజాగుట్టలోని ఓ చీరల షోరూములో సుమిత్ర ఇరవై రెండేళ్లు నిలబడి పనిచేసింది. కస్టమర్ ఉన్నా లేకున్నా అక్కడ సేల్స్‌వాళ్లు కూర్చోకూడదు. మోకాళ్లు మొరాయించాక నలభై ఆరో ఏట మానేసింది. దూరవిద్యలో తెచ్చుకున్న డిగ్రీ ఒకటి బీరువాలో ఉంది కదా అని కూతురు షెర్లిన్ పట్టుబట్టి లాసెట్ రాయించింది. సీటు వస్తుందని ఇద్దరూ అనుకోలేదు. వచ్చింది.

లా కాలేజీలో ఆమెకు అన్నిటికంటే నచ్చింది బెంచీ. "లెక్చరర్ వచ్చినా లేవరేంటి ఆంటీ?" అని పక్కన కూర్చునే రాగసుధ గుసగుసలాడితే, "నా వంతు నిలబడటం ఎప్పుడో అయిపోయిందమ్మా" అంది.

రెండో సెమిస్టర్లో మూట్ కోర్టు పెట్టారు. క్లాసునే కోర్టు అనుకుని, కల్పించిన కేసు మీద విద్యార్థులు వాదించాలి. డ్యూటీలో స్టూలు మీద కూర్చుందని ఓ బట్టల షాపు సేల్స్‌గర్ల్‌ని ఉద్యోగంలోంచి తీసేశారు, అదీ కేసు. చీటీలు తీస్తే ఆ అమ్మాయి తరఫు రాగసుధకు వచ్చింది. ఓనరు తరఫు సుమిత్రకు.

"మార్చండి సార్, ఇది నావల్ల కాదు."

"కేసు ఎంచుకునే వీలు వకీలుకు ప్రతిసారీ ఉండదు సుమిత్రగారూ," అన్నాడు లెక్చరర్ రవికాంత్.

సరే, వాదించింది. మాటల కోసం వెతుక్కునే పనే లేకపోయింది. "కస్టమర్ వచ్చేసరికి మనిషి కూర్చునుంటే షాపు నిద్రపోతున్నట్టుంటుంది మై లార్డ్! ఇవాళ ఒకరు కూర్చుంటే రేపు ఫ్లోరంతా కూర్చుంటుంది!" అన్నీ షోరూములో ఫ్లోర్ మేనేజర్ ఐలయ్య నోట రోజూ విన్నవే. పాపం రాగసుధ తడబడింది. సుమిత్ర గెలిచింది. క్లాసు చప్పట్లు కొట్టింది.

ఆ చప్పట్లు ఆమెకు మింగుడుపడలేదు. మధురానగర్‌లో ఇంటికొచ్చి, "ఇవాళ వజ్రమ్మక్క ఉద్యోగం నేనే ఊడగొట్టినట్టుందే," అంది కూతురితో. వజ్రమ్మ అదే షోరూములో పట్టుచీరల కౌంటర్లో ఇంకా నిలబడే ఉంది, యాభై మూడేళ్ల వయసులో.

"అయితే అటువైపు కూడా వాదించు మమ్మీ," అంది షెర్లిన్.

నాలుగు రోజులు కూర్చుని సుమిత్ర తన వాదనలకు తనే జవాబులు రాసుకుంది. మంగళవారం మధ్యాహ్నం షోరూముకు వెళ్లింది.

"ఏందక్కా, లాయర్ అయినవంట గదా! మస్తు!" అన్నాడు ఐలయ్య.

"ఇంకా కాలేదు తమ్ముడూ. సేల్స్‌వాళ్లకు స్టూళ్లు వేయించమని అడగడానికి వచ్చా."

"గట్లెట్లక్కా? కస్టమర్ వచ్చేటాల్లకు కూసుంటే..."

"షాపు నిద్రపోతున్నట్టుంటుంది. ఇప్పుడు ఎంతమంది ఉన్నారు కస్టమర్లు?"

ఐలయ్య చుట్టూ చూశాడు. ఒక్కరూ లేరు. తొమ్మిదిమంది ఆడవాళ్లు మాత్రం నిలబడి ఇటే చూస్తున్నారు.

"రెండింటి నుంచి నాలుగింటి దాకా చాలు. తలుపు తెరుచుకోగానే లేస్తారు. నెల రోజులు చూడు, బేరాలు తగ్గితే నేనే వచ్చి తీయించేస్తా."

"జర ఓనర్ సాబ్‌ను అడగాలె."

"పద, నేనూ వస్తా."

ఓనరు గంటసేపు వాదించాడు. ప్రతి మాటకూ ఆమె దగ్గర జవాబుంది. చివరికి ఆరు అడిగితే మూడు స్టూళ్లకు ఒప్పుకున్నాడు, అదీ నెల రోజులకే.

నెల దాటింది. తీసేయమని ఎవరూ అనలేదు. ఓ మధ్యాహ్నం వజ్రమ్మ ఫోన్ చేసింది. "కూసునే మాట్లాడుతున్న. గానీ మూడు స్టూళ్ల మీద తొమ్మిదిమందిమి ఎట్ల సరిపోతమే? కొట్లాటలైతున్నయ్. మిగిలినయి ఎప్పుడిప్పిస్తవ్?"

"పరీక్షలు ఇరవైతో అయిపోతాయక్కా. ఇరవై ఒకటిన వస్తా," అంది సుమిత్ర.